సముద్రమునకు పేరు మార్చుట

సముద్రమునకు సాగరమను పేరెట్లు వచ్చినదో మన యిండ్లలో పిల్లలకు గూడ తెలియును. సగర చక్రవర్తి యాగాశ్వము కనబడకపోగా, అతని కుమారులు అరువదివేలమంది దానిని వెదకుచు భూమిని త్రవ్వుకొనిపోయిరి. ఆ త్రవ్విన చోటు సాగరమైనది. వారి బూడిదమీదికి గంగను దెచ్చినవాడు భగీరథుడు గనుక గంగకు భాగీరథి యని పేరు గలిగినది. త్రోవలో జహ్నుమహర్షి త్రాగి మరల విడిచినాడు గనుక జాహ్నవి యైనది. ఇన్ని పేర్లు వచ్చినను గంగ యను తొలిపేరు చెరిగిపోలేదు. చిన్ననాడు మా తండ్రిగారి యెదుట కూర్చుండి అమరకోశము వల్లించునప్పుడు, ఒక్క నదికి ఇన్ని పేర్లేల యని మేము విసుగుకొనుచుంటిమి. ఇప్పుడు తలచుకొన్నచో దానిలో నొక మర్యాద కనబడుచున్నది. క్రొత్తపేరు వచ్చి పాతపేరు ప్రక్కన కూర్చుండును. దానిని లేవగొట్టి యా పీటమీద కూర్చుండదు. పైగా ప్రతి పేరు వెనుకను ఎవరో చేసిన పని యొకటి యున్నది.

2025 సంవత్సరారంభమున అమెరికా దేశములో నొక సముద్రపు పేరు మార్చిరను వార్త చదివినప్పుడు మాకీ సంగతులే జ్ఞప్తికి వచ్చినవి. ఆ సముద్రభాగమును మన భూగోళపుస్తకములలో మెక్సికో సింధుశాఖ యందురు. దానికి ఉత్తరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలోని టెక్సాస్, లూసియానా, మిసిసిపి, అలబామా, ఫ్లోరిడాలు. పడమటను దక్షిణమునను మెక్సికో దేశము. ఆగ్నేయమున క్యూబా ద్వీపము. ఐరోపావారి పటములలో 16వ శతాబ్దము నుండియు నది మెక్సికో పేరుతోనే కనబడుచున్నది. సంయుక్తరాష్ట్రములవారు తాము స్వతంత్రులమని చాటుకొన్నది 1776లో. అనగా ఆ పేరు ఆ రాజ్యముకంటె వయసున చాల పెద్దది.

2025 జనవరి 20వ తేదీన డొనాల్డ్ ట్రంప్ రెండవసారి అధ్యక్షపదవి స్వీకరించి, ఆనాడే యొక యుత్తరువుపై చేవ్రాలు చేసిరి. ముప్పది దినములలో ఆ జలభాగమును అమెరికా సింధుశాఖ యని ప్రభుత్వపు పట్టికలలో మార్చవలెనని దాని సారాంశము. ఆ యుత్తరువును శ్రద్ధగా చూచినచో నొక విశేషము తెలియును. ఆ మార్పు చెప్పబడినది పైని అయిదు రాష్ట్రముల తీరమునుండి మెక్సికో, క్యూబాల సముద్రపు సరిహద్దుల వరకే. పొరుగువారి వాకిటి నీటికి పేరు పెట్టుట ఆ యుత్తరువులో గూడ లేదు.

పూర్వమైనచో ఇట్టి యుత్తరువు బడిగోడలకు చేరుటకు ఏండ్లు పట్టెడిది. పాతపటము చినుగవలెను, క్రొత్తపటము అచ్చు కావలెను, దానిని కొనుటకు బడికి సొమ్ము రావలెను. ఇప్పుడు పటము చేతిఫోనులో నున్నది. జనవరి 27న గూగుల్ సంస్థవారు ప్రభుత్వపు పట్టిక మారినతోడనే తామును మార్తుమని తెలిపి, ఫిబ్రవరి 10న మార్చివేసిరి. ఆపిల్ సంస్థవారు వెంటనే అదే త్రోవ పట్టిరి. గూగుల్‌వారి యేర్పాటు చిత్రముగా నున్నది. అమెరికాలో నుండి చూచువారికి అమెరికా సింధుశాఖ యను పేరు మాత్రమే కనబడును. మెక్సికోలో నుండి చూచువారికి మెక్సికో సింధుశాఖ యని కనబడును. తక్కిన లోకమునకు పాతపేరును, దాని ప్రక్కన కుండలీకరణములలో క్రొత్తపేరును గూడ కనబడును.

ఈ యేర్పాటు మా యింటిలోనికి గూడ వచ్చినది. మా చెల్లెలు హూస్టను నగరములో కాపురమున్నది. అక్కడినుండి గాల్వెస్టన్ సముద్రతీరము కారులో గంటసేపటి ప్రయాణము. ఒక ఆదివారము ప్రొద్దున ఫోనులో మాటలాడుచుండగా, దాని కుమారుడు తాము అమెరికా సింధుశాఖలో స్నానము చేసి వచ్చితిమని చెప్పినాడు. ఆరవ తరగతి చదువుచున్న మా చిన్నవాడు అట్టిది లేనేలేదనినాడు. వాడు వాని ఫోను చూపినాడు, వీడు వీని ఫోను చూపినాడు. "నీ మ్యాపు తప్పు" అని వాడు, "నీ మ్యాపే తప్పు" అని వీడు. అన్నదమ్ముల కడుపున బుట్టకపోయినను దాయాదులవలె కొట్లాడుకొనిరి. చెల్లెలు నవ్వుచు, "అక్కయ్యా, వీళ్లిద్దరికీ మ్యాపు అమ్మినవాడు ఒక్కడే కదా!" అన్నది.

ఒక్కడే. అదియే మాకు నచ్చని సంగతి. ఒక కోమటి యొక్క దుకాణములో తూర్పువీధివారికొక తూనికరాయి, పడమటివీధివారికొక తూనికరాయి పెట్టుకొన్నచో ఊరు ఊరకొనదు. తామెవరి పక్షమును కామనియు, ఏ దేశమున ఆ దేశపు ప్రభుత్వము వాడు పేరును చూపుట తమకు చిరకాలముగ నున్న పద్ధతి యనియు ఆ సంస్థవారు చెప్పిరి. మా వారు వారి పక్షమున కొంత వాదించిరి. వర్తకుడు ప్రభుత్వపు లెక్క వినక తన యిష్టము వచ్చినట్లు పేర్లు పెట్టినచో నది మరింత ప్రమాదము కాదా యని వారి ప్రశ్న. ఆ మాటలో న్యాయమున్నది, మేము కాదనలేదు. కాని ఏ యెండకా గొడుగు పట్టువాడు ఎండ యెటునుండి వచ్చుచున్నదో చెప్పవలెను గదా! వేలమైళ్ల దూరమున, ఆ సముద్రముతో నేమియు పనిలేని మాకు రెండు పేర్లును కనబడుచున్నవి. అక్కడ నొక తగవున్నదని మాకు తెలియుచున్నది. ఆ నీటిలో మునిగి వచ్చిన పిల్లవానికి ఒక్కపేరే కనబడుచున్నది. వానికి తగవు సంగతి తెలియదు. తన పేరే లోకమంతటి పేరనుకొని, వేరొకమాట యన్నవానిని తప్పనుచున్నాడు. అచ్చుపటమున పేరు మారినచో పాతపటము గోడమీద వ్రేలాడుచు సాక్ష్యము చెప్పును. ఫోనులో రాత్రికి రాత్రి మారిన పేరునకు సాక్షి లేదు.

మెక్సికో దేశమునకు 2024 అక్టోబరునుండి అధ్యక్షురాలుగా నున్న క్లౌడియా షేన్‌బామ్ ఆ పదవి నధిష్ఠించిన మొదటి స్త్రీ. పేరు మార్తుమని ట్రంప్ మొదట ప్రకటించిన మరునాడే, ఆమె 1607వ సంవత్సరపు పటమొకటి తెరమీద చూపి, ఉత్తర అమెరికా నంతటిని మెక్సికన్ అమెరికా యని పిలిచినచో బాగుండదా యని హాస్యమాడెను. కేకలు వేయక నవ్వుచు చెప్పిన ఆ జవాబు మా కెంతయు నచ్చినది. తరువాత ఆమె ప్రభుత్వము గూగుల్‌వారికి ఉత్తరములు వ్రాసినది. అమెరికావారి యుత్తరువు అమెరికావారి నీటివరకే యుండగా, మీరు సింధుశాఖ కంతటికి నా పేరు తగిలించుట యెట్లు న్యాయమని వారి వాదము. విననందున దావా వేసితిమని 2025 మే 9న ఆమె తెలిపెను. అసోసియేటెడ్ ప్రెస్ అను అమెరికా వార్తాసంస్థ, తన వార్తలు అన్ని దేశములవారు చదువుదురు గనుక పాతపేరే వాడుచు క్రొత్తపేరును గూడ పేర్కొందుమని చెప్పగా, ఫిబ్రవరి 11నుండి దాని విలేకరులను అధ్యక్షుని కార్యాలయపు సమావేశములకు రానీయలేదు. ఆ సంస్థయు న్యాయస్థానమునకు పోవలసివచ్చినది. పేరులో నేమున్నదని యడుగువారికి ఇది చూపవచ్చును.

పేరులో నేమున్నదో ఆడువారికి ఒకరు చెప్పనక్కరలేదు. మా మేనత్తగారికి పుట్టింట పెట్టినపేరును ఆమె యత్తగారి పేరును ఒక్కటే యైనవి. అత్తగారి పేరుపెట్టి కోడలిని పిలుచుట యెట్లు? గృహప్రవేశము నాడే వేరొకపేరు పెట్టిరి. ఆమెను అడిగినవారు లేరు. ఏబదియేండ్లు ఆ యింట ఆ క్రొత్తపేరుతోనే వండినది, వడ్డించినది, పిల్లలను కన్నది. రేషనుకార్డులోను ఓటర్ల జాబితాలోను అదియే పేరు. ఆ పేరు ఆమెకు కష్టముగా నుండెనని మేము చెప్పలేము. కాని మా నాయనగారు పండుగకు పోయి వీధిగుమ్మమునుండి పాతపేరుతో పిలిచినప్పుడు, ఆమె పొయ్యిమీది గిన్నె యట్లే విడిచి వచ్చెడిది. ఆ పేరుతో పిలుచువారు ఒక్కరొక్కరే పోయినారు. కడపట మా నాయనగారును పోయిన తరువాత, "ఇంక నన్ను నా పేరుతో పిలిచేవాళ్లు లేరే" అని మాతో నన్నది. పటములో పేరు మార్చువారికి ఈ మాట వినిపింపవలెనని మాకనిపించును.

ఆ యుత్తరువులోనే యున్న రెండవ పేరును గూర్చి మన పత్రికలు అంతగా వ్రాయలేదు. మాకు సముద్రపు కథకంటె నదియే మనసున నాటినది. అలాస్కాలో 20,310 అడుగుల యెత్తుగల పర్వతమొకటి కలదు. ఉత్తర అమెరికా ఖండమున కదియే యున్నతశిఖరము. దాని నీడలో తరతరములుగ నివసించు కోయుకాన్ జనులు దానిని తమ భాషలో డెనాలి యందురు. ఎత్తైనది యని యర్థము. ఆ జనులది ఎంత తిన్నని బుద్ధి! ఎత్తుగా నున్నది, ఎత్తైనదని పిలిచిరి. 1896లో బంగారము వెదకుచు వచ్చిన విలియం డిక్కీ యనునతడు దానికి మెకిన్లీ పర్వతమని పేరు పెట్టెను. మెకిన్లీ యప్పుడు అధ్యక్షపదవికి పోటీచేయుచున్నవాడు. బంగారు నాణెమును సమర్థించువాడు. బంగారము వెదకువానికి అంతకన్న నేమి కావలెను! మెకిన్లీ అధ్యక్షుడై 1901లో హంతకుని తుపాకికి బలియయ్యెను. ఆయన యేనాడును అలాస్కాలో నడుగు పెట్టలేదు. 1917లో అక్కడ జాతీయోద్యానము నేర్పరచుచు అమెరికా శాసనసభవారు మెకిన్లీ పేరును స్థిరపరచిరి.

1975లో అలాస్కా రాష్ట్రము తనవరకు డెనాలి పేరును స్వీకరించి, కేంద్రప్రభుత్వమును గూడ మార్చుమని కోరినది. మెకిన్లీ పుట్టిన ఒహాయో రాష్ట్రపు ప్రతినిధులు అడ్డుపడిరి. ఒక్క యేడు కాదు, దశాబ్దములు అడ్డుపడిరి. 1980లో ఉద్యానమునకు మాత్రము డెనాలి పేరు వచ్చినది. కడపట 2015లో ఒబామా ప్రభుత్వము పర్వతమునకు గూడ పాతపేరు నిచ్చినది. పదియేండ్లు కాకముందే, 2025 జనవరిలో మరల మెకిన్లీ యైనది. పేరు మార్పు వలదని అలాస్కా శాసనసభవారు ఆ యేడే తీర్మానించిరి. పుట్టింటి పేరు ఒకసారి తిరిగివచ్చి మరల పోయిన ఈ పర్వతమును తలచుకొన్నప్పుడెల్ల మా మేనత్తగారే కనులయెదుట నిలుచును.

చెడ్డవారెప్పుడును క్రొత్తపేరు పెట్టువారే యని మేమనుట లేదు. 2015లో మన ప్రభుత్వము రాజమండ్రిని రాజమహేంద్రవరమని మార్చినది. అది పాతపేరును తెచ్చుట. ఊరివారికి సంతోషమే కలిగినది. అయినను మేము రాజమండ్రికి పోయి వచ్చితిమనియే యందుము, దానికెవరును కోపగింపలేదు. ఇక మన సముద్రమును చూడుడు. ఆంధ్రతీరమంతయు నొరసికొనియున్నది బంగాళాఖాతము. వంగదేశపు పేరేల యని ఏ తెలుగువాడును తగవు పెట్టుకొనలేదు. పూరీయాత్రకు పోయినవారు అదే నీటిలో మునిగి మహోదధిస్నానము చేసితిమందురు. మా ప్రక్కయింటి పెద్దమ్మగారికి అది వట్టి తూర్పుసముద్రము. హిందూమహాసముద్రమునకు మన దేశపు పేరుండుట చేత అది మన సొత్తు కాలేదు. ఆఫ్రికాతీరమువారు అట్లనుకొనుటయు లేదు.

పేరు సొత్తునకు గుర్తని యెవరైన తలచినప్పుడే చిక్కు. కరీంనగరు, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి మనవారు లక్షలమంది పనికై పోయిన గల్ఫునే చూడుడు. దానిని ఇరానువారు పారశీక సింధుశాఖ యందురు. ఆవలియొడ్డున నున్న అరబ్బు రాజ్యములవారు అరబ్బు సింధుశాఖ యందురు. పారశీక నామము వాడని విమానసంస్థలను తమ యాకాశములోనికి రానీయమని 2010లో ఇరాను హెచ్చరించినది. 2012లో గూగుల్ పటమున ఆ నీటికి ఏ పేరును లేకపోగా, దావా వేయుదుమని ఇరాను బెదిరించినది. పేరు వ్రాసిన నొక తగవు, వ్రాయకున్న నొక తగవు! మన యాడువారు మాత్రము ఈ రెండు విశేషణములను విడిచి, "మా ఆయన గల్ఫుకు పోయిండు" అని యూరకుందురు. వారికి కావలసినది నెలనెలా వచ్చు సొమ్ము, యేటికొకసారి వచ్చు మనిషి.

జపానునకును కొరియాలకును నడుమనున్న సముద్రమునకు జపాను సముద్రమని 1929లో అంతర్జాతీయ గ్రంథమున అచ్చైనది. అప్పుడు కొరియా జపాను చేతిక్రింద నుండుటచే నోరెత్తలేకపోయినది. 1992నుండి దక్షిణ కొరియా దానిని తూర్పుసముద్రమని గూడ వ్రాయవలెనని ఐక్యరాజ్యసమితిలో వాదించుచున్నది. తుదకు 2020లో సముద్రములను గుర్తించుటకు అంకెలు పెట్టు పద్ధతిని ఆ శాఖకు సంబంధించిన అంతర్జాతీయ సంస్థవారు అంగీకరించిరి. తగవు తీరకున్నచో సముద్రమునకు గూడ ఇంటినంబరు వచ్చునన్నమాట.

ఇవన్నియు పరాయిదేశపు ముచ్చటలనుకొనరాదు. అరుణాచలప్రదేశములోని కొండలకును నదులకును ఊళ్లకును చీనా ప్రభుత్వము తన భాషలో పేర్లు పెట్టి జాబితాలు ప్రకటించుచున్నది. 2017లో 6, 2021లో 15, 2023లో 11, 2024లో 30, 2025లో 27. ప్రతిసారియు మన ప్రభుత్వము నిరాకరించినది. ఒక్కరాయి కదల్పబడలేదు, ఒక్క సైనికుడు రాలేదు. పేర్ల పట్టిక మాత్రమే వచ్చినది. కాని చీనాలోని పిల్లవాడు తన పటమున ఆ పేర్లే చదువుకొని పెరుగును. హూస్టనులోని మా చెల్లెలి కొడుకు స్నానపు ముచ్చట తగవులో నవ్వితిమి. ఈ తగవులో నవ్వు రాదు. అందుచేత పటము చూచు ప్రతి పిల్లకును, ఈ పేరు ఎవరు పెట్టిరి, ఎప్పుడు పెట్టిరి, అక్కడివారు ఏమందురు అని యడుగుట నేర్పవలెనని మేము మా వారిని పోరుచుంటిమి.

ఉపాధ్యాయుని భార్యకు పరీక్షకాగితముల కట్టలు ఇంటిసామానువంటివి. పప్పుడబ్బా ప్రక్కన నవియు నుండును. ఆ యేటి పరీక్షలో, మిసిసిపి నది యెందు కలియునని యొకమార్కు ప్రశ్న యుండెను. ఒక బాలిక అమెరికా సింధుశాఖ యని వ్రాసినది. పాఠ్యపుస్తకములో నున్నది మెక్సికో సింధుశాఖ. మా వారు ఎర్రకలము పట్టుకొని చాలసేపు కూర్చుండిరి. కొట్టివేసినచో ఆ పిల్ల ఏమి నేర్చును, మార్కు వేసినచో ఏమి నేర్చును అని మేమిద్దరమును అన్నము చల్లారువరకు వాదించుకొంటిమి. తుదకు ఆ కాగితమును అట్లే యుంచి, మరునాడు తరగతిలో ఆ బాలికనే లేపి, ఈ పేరు ఎక్కడ చూచితివని యడిగిరి. అమెరికాలోని తన బాబాయి పంపిన బొమ్మలో చూచితినని చెప్పినది. మరి పుస్తకములో నేమున్నదనగా, అదియు చెప్పినది. రెండును చెప్పినది గనుక మార్కు వేసిరి. అటుపై తరగతివారందరిచేత ఉత్తపటమున రెండు పేర్లు వ్రాయించి, ఒక్కొక్కదాని క్రింద ఎవరందురో, ఏ సంవత్సరమునుండి యందురో వ్రాయించిరి.

అలాస్కా పర్వతమునకు గూడ అట్లే వ్రాయించుచుండగా, వెనుకబల్లమీది బాలుడొకడు లేచి, "అయ్యగారూ, మరి ఆ తోట పేరు కూడ మార్చేశారా?" అని యడిగెనట. లేదు, ఆ యుత్తరువులో ఉద్యానము పేరు ముట్టుకొనలేదు. అది నేటికిని డెనాలియే, దానిలోని పర్వతము మాత్రము మెకిన్లీ యని మా వారు చెప్పగా, తరగతియంతయు ఒక్కసారిగా నవ్వినదట.